పాతిక వేల బ్యాంకాకూ, పది బాత్‌ల బేరమూ

ఆ రీలు మీ ఫోనులోకి రాలేదంటే మీకు ఫోను లేదనుకోవాలి. "గోవా కన్నా బ్యాంకాక్ చవక గురూ!" అని మొదలై, "మొత్తం ఖర్చు 25 వేలే, లింకు బయోలో" అని ముగుస్తుందే, అదే. మధ్యలో విమానం రెక్క, రెక్క కింద మబ్బులు, సువర్ణభూమి విమానాశ్రయంలో క్షీరసాగర మథనం బొమ్మ ("చూశారా మన సంస్కృతి!"), బాణలిలో ఎగిరిపడే నూడుల్స్. మొన్నమొన్నటిదాకా 35 వేలుండేది. తర్వాత 30 అయింది. ఇప్పుడు 25. ఇదే వరసన పోతే వచ్చే సంక్రాంతికి బ్యాంకాక్ వెళ్లొచ్చినవాడికి ఎదురు డబ్బులిస్తారు కాబోలు.

వెళ్లడం తప్పని నేననడం లేదు. 2023 నవంబరులో వీసా అక్కర్లేదన్నారు. 2024 ఏప్రిల్లో విశాఖ నుంచి నేరుగా విమానం వేశారు. తెలుగువాడు కదిలాడు, మంచిదే. జేబులో డబ్బు తక్కువుండటం అసలే తప్పు కాదు. తక్కువ డబ్బుతోనైనా సరే నాలుగు ఊళ్లు చూడాలనుకునే మనిషికి నేను దణ్ణం పెడతాను. నా పేచీ వేరేవాళ్లతో. డబ్బుండి, సెలవుండి, మంచి ఉద్యోగముండి, ఒక మహానగరానికి వెళ్లొచ్చి, "ఏం చూశావు నాయనా" అని అడిగితే "ఎంత మిగిలిందో చూడండి" అనేవాళ్లతో.

మా తోడల్లుడి కొడుకు మొన్న ఇంటికొచ్చి, కాఫీ కప్పు పక్కకు జరిపి, ల్యాప్‌టాప్ తెరిచి మరీ లెక్క చూపించాడు. "చూడండి పెదనాన్నా, ఒక్క పైసా దాచలేదు" అన్నాడు. దాచలేదు, నిజమే. కొన్ని పైసలకు అసలు పైసలన్న హోదాయే ఇవ్వలేదు. విమానం టికెట్టు లెక్కలో లేదు, ఎందుకంటే అది క్రెడిట్ కార్డు పాయింట్లతో కొన్నది. ఆ పాయింట్లు ఎక్కడివిరా అంటే ఏడాదంతా కార్డు గీకితే వచ్చాయట. ముఖ్యంగా ఆ ఖరీదైన ఫోను కొన్నప్పుడు దండిగా పడ్డాయట. అంటే బ్యాంకాక్‌కు ఉచితంగా వెళ్లాలంటే ముందు లక్ష రూపాయలు పైబడిన ఫోను కొనాలన్నమాట. తిరుగు ప్రయాణంలో సూట్‌కేసు బరువెక్కి కట్టిన సొమ్ము "అనుకోని ఖర్చు", కాబట్టి లెక్కలోకి రాదు. ప్రతునామ్ బజారులో కొన్న బట్టలు "పెట్టుబడి". ఆకాశంలో ఉన్న బారులో తాగిన రెండు గ్లాసులు "అనుభవం". ఇమిగ్రేషన్ వాళ్లు అడిగితే చూపించాలని పట్టుకెళ్లిన నగదు స్నేహితుడిది. అది అప్పు కాదు, "సర్దుబాటు". ఇవన్నీ తీసేశాక ఇంకా ఆ 25 వేలు దేనికయ్యాయో నాకిప్పటికీ అంతుబట్టలేదు.

ఒక్క పైసా కట్టక్కర్లేని చోట మాత్రం కట్టాడు. 2025 మే నుంచి థాయ్‌లాండ్ వెళ్లేవాళ్లు నింపాల్సిన డిజిటల్ అరైవల్ కార్డు పూర్తిగా ఉచితం. వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైటులో మనమే నింపుకోవచ్చు. దాన్ని ఎవరో ఏజెంటుకు 1,500 ఇచ్చి నింపించుకున్నాడు. అది "డాక్యుమెంటేషన్". తిండి ఖర్చు 1,800 అని గర్వంగా ఆకుపచ్చ రంగేశాడు. ఏం తిన్నావురా అంటే, వాళ్లమ్మ కట్టిచ్చిన పులిహోర పేస్టు, కందిపొడి, హాస్టలు గది మూలన ఎలక్ట్రిక్ కుక్కరు. ప్రపంచం నలుమూలల నుంచీ జనం తిండి కోసమే వచ్చే ఊరికి వెళ్లి కందిపొడి అన్నం తినొచ్చాడు. పోయిన వైశాఖంలో చెల్లెలి పెళ్లికి ఒక్క సంగీత్ మీదే ఆరు లక్షలు పోసిన కుర్రాడితడు. ఆ లెక్కకు ఎక్సెల్ షీటు లేదు.

సరే, ఇదంతా భరించవచ్చు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది ఆ 500 బాత్‌ల దగ్గర.

"స్కామ్ అలర్ట్! గ్రాండ్ ప్యాలెస్‌కు వెళ్లకండి. థాయ్ వాళ్లకు ఉచితం, మనకు 500!" ఈ మాట చెప్పని రీలు లేదు. చెప్పి, ప్యాలెస్ తెల్లటి ప్రహరీ ముందు నిలబడి, గోడ మీదుగా కనిపించే బంగారు శిఖరాలను వేలితో చూపించి, "ఇక్కణ్నుంచే అంతా కనిపిస్తోంది ఫ్రెండ్స్, లోపల ఇంతకన్నా ఏమీ లేదు" అని తేల్చేస్తారు. 500 బాత్‌లంటే మన డబ్బుల్లో పదిహేను వందల లోపు. హైదరాబాద్‌లో ఇద్దరు కొత్త సినిమాకు వెళ్లి పాప్‌కార్న్ కొంటే అయ్యే ఖర్చు.

లోపల ఏమీ లేదా? మరకత బుద్ధుడి గుడి చుట్టూ వసారా ఉంది. ఆ వసారా గోడల పొడవునా 178 చిత్రాల్లో రామాయణం ఉంది. వాళ్లు దాన్ని రామకియన్ అంటారు. 1782లో ఈ నగరాన్ని రాజధానిగా నిలిపిన రాజే ఆ కావ్యాన్నీ దగ్గరుండి కూర్పించాడు. సీత దొరకడం దగ్గర మొదలుపెట్టి ఆ గోడల వెంట నడుస్తూ పోతే రాముడి కథ మొత్తం తిరిగి వస్తాం. బంగారు రేకు అద్దిన కిరీటాలు, పది తలల దశకంఠుడు, ఆకుపచ్చ రాక్షసులు, యుద్ధం మధ్యలో ఎవరినీ పట్టించుకోకుండా వంట చేసుకునే మామూలు జనం. హనుమంతుడు తెల్లగా ఉంటాడు. వారధి కట్టే పనిలో ఉండి కూడా రావణుడి కూతురైన మత్స్యకన్యను ప్రేమిస్తాడు, వాళ్లకో కొడుకు. మన మైరావణ కథలో మత్స్యవల్లభుడు గుర్తున్నాడా? తండ్రినే పాతాళం వాకిట్లో అడ్డుకున్న కుర్రాడు! అతడే. మైరావణుడూ ఉన్నాడు, వాళ్ల నోట మైయరాప్ అయ్యాడు. మన తోలుబొమ్మలాటల్లో తెల్లవార్లూ ఆడిన కథ సముద్రం అవతల ఒక రాజు గోడల మీద బంగారంతో ఉంది. దాన్ని చూడకుండా, గోడకు ఇవతల నిలబడి, "లోపల ఏమీ లేదు ఫ్రెండ్స్" అంటాడు ఈ మహానుభావుడు. నుదుట నిలువుబొట్టు, చేతికి కాశీదారం. విమానాశ్రయంలో క్షీరసాగర మథనం దగ్గర "మన సంస్కృతి" అని గొంతు గద్గదం చేసుకున్నది కూడా ఇతడే. అక్కడ టికెట్టు లేదు మరి.

పైగా ఆ 500లో ఖోన్ ప్రదర్శన కూడా కలిసే ఉంటుంది. ముసుగులు వేసుకుని రామకియన్ ఘట్టాలు ఆడే నాట్యం. 2018లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. పనిరోజుల్లో ప్యాలెస్ దగ్గరే బండెక్కించి థియేటరుకు తీసుకెళ్తారు. ఆ సంగతి టికెట్టు మీదే అచ్చేసి ఉంటుంది. టికెట్టు కొననివాడికి ఎలా తెలుస్తుంది?

ఇక ఆ "వాళ్లకు ఉచితం, మనకు 500" అన్న ధర్మాగ్రహం. గోల్కొండ కోట గేటు దగ్గర బోర్డు ఎప్పుడైనా చదివారా? మనకు 25 రూపాయలు, విదేశీయుడికి 300. తాజ్‌మహల్ దగ్గర మనకు 50, విదేశీయుడికి 1,100. అక్కడ క్యూలో నిలబడ్డ ఏ జర్మనీవాడైనా "స్కామ్ అలర్ట్" అని అరిచాడా? ఎవరి గుడికి, ఎవరి కోటకు వాళ్ల పన్నులు ముందే కట్టుంటారు. తిరుమలలో 300 రూపాయల దర్శనం టికెట్టు దొరికితే ఊరంతా ఫోన్లు చేసి చెప్పుకునే మనం ఇంకో ఊళ్లో టికెట్టంటే గుండెలు బాదుకుంటున్నాం.

నిజానికి రీలు వీరుడికి ఒక బ్రహ్మాస్త్రం ఉంది. మన పురావస్తు శాఖ బిమ్‌స్టెక్ దేశాల పౌరులకు మనతో సమానంగానే టికెట్టు ఇస్తుంది. థాయ్‌లాండ్ ఆ కూటమిలో సభ్యదేశం. బ్యాంకాక్ నుంచి వచ్చిన మనిషి గోల్కొండను 25 రూపాయలకే చూసి పోతాడు. మనం మాత్రం అక్కడ పరాయి ధర కట్టాలి. ఇది న్యాయమా అని అడిగితే నేనూ ఒక నిమిషం తడబడేవాణ్ని. వాదించడానికి ఉన్న ఒకే ఒక్క గట్టి మాట ఇది. అది కూడా వాళ్లకు తెలీదు. ఎలా తెలుస్తుంది, గోల్కొండ బోర్డూ చదవలేదుగా!

గ్రాండ్ ప్యాలెస్ గేటు దగ్గర ఇంకో పెద్దమనిషి వీళ్ల కోసం కాచుకుని ఉంటాడు. చొక్కా టక్ చేసుకుని, నవ్వుతూ, "ఇవాళ ప్యాలెస్ మూసేశారండీ, బౌద్ధుల పండగ. మా టుక్‌టుక్ ఎక్కండి, 20 బాత్‌లకు ఊరంతా చూపిస్తాను" అంటాడు. 500 కట్టడానికి మనసొప్పనివాడికి 20 అనగానే ప్రాణం లేచొస్తుంది. ఊరంతా అంటే ఒక చిన్న గుడి, ఒక దర్జీ కొట్టు, ఒక రత్నాల దుకాణం. అక్కడ కెంపులని చెప్పి అంటగట్టినవి ఇంటికొచ్చాక గానీ గాజుముక్కలని తేలవు. డ్రైవరుకు దుకాణంవాళ్ల నుంచి కమీషను ముడుతుంది. ఎన్నో ఏళ్లుగా ఎంతమందో హెచ్చరిస్తున్న మోసమిది. ఇది బతుకుతున్నదంతా 20 బాత్‌లకు ఊరు చూడొచ్చని నమ్మేవాళ్ల మీదే.

వెటకారం ఇక్కడితో ఆపుతాను. తర్వాతి రీలు చూశాక నవ్వు రాలేదు.

రోడ్డు పక్క బండి. బాణలి ముందు ఒక నడివయసు ఆవిడ, ముఖమంతా చెమట. ప్యాడ్ థాయ్ 60 బాత్‌లని అట్టముక్క మీద రాసి పెట్టింది. మనవాడు కెమెరా ఆమె ముఖానికి దగ్గరగా పెట్టి "ఫిఫ్టీ, ఫిఫ్టీ" అంటున్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. వీడు వెళ్లిపోతున్నట్టు రెండడుగులు వేసి మళ్లీ వచ్చాడు. వెనక నుంచి నవ్వుల శబ్దం కలిపారు. చివరికి ఆవిడ 50కి ఇచ్చింది. "ఎలా బేరమాడాలో చూశారుగా!" కింద రెండున్నర లక్షల లైకులు.

బజారులో బట్టలకు బేరమాడితే ఎవరూ తప్పు పట్టరు; అమ్మేవాడూ అందుకు సిద్ధపడే ధర చెబుతాడు. అన్నం బండి దగ్గర ఆ ఊళ్లో బేరం లేదు. రాసి పెట్టిన ధరే అక్కడి ఆఫీసు గుమాస్తాకూ, ఆరెంజి జాకెట్ వేసుకున్న మోటార్‌సైకిల్ టాక్సీవాడికీ. 2025 జులై నుంచి బ్యాంకాక్‌లో రోజు కూలి కనీసం 400 బాత్‌లు. అది జీతం మీద పనిచేసేవాళ్లకు. బండి పెట్టుకున్న ఆవిడకు అదీ లేదు. గ్యాసు, రొయ్యలు, నూనె పోగా మిగిలిందే కూలి. ఆమె దగ్గర నువ్వు పది బాత్‌లు లాగావు. మన డబ్బుల్లో ముప్ఫై రూపాయలు కూడా కాదు. అంతకు పదింతలు ఆ సాయంత్రమే గ్లాసులోని ఐసుముక్కలకు తగలేస్తావు. దీన్ని తెలివంటారా? నా నిఘంటువులో దీనికున్న మాట పత్రికలో అచ్చు వేయరు.

చవక, చవక అని ఊదరగొడుతున్నారే, ఆ చవక ఎవరి రెక్కల మీద నుంచి వస్తోంది? మీరు మూడు నాలుగొందల బాత్‌లకు పడుకున్న హాస్టలు మంచం దుప్పటి ఎవరు ఉతికారు? ఆ ఊరి భవనాలు కట్టేవాళ్లలో, గిన్నెలు కడిగేవాళ్లలో ఎందరో పొట్ట చేతబట్టుకుని వచ్చిన బర్మావాళ్లు. 2025 మార్చి 28న మయన్మార్ భూకంపానికి చతుచక్ ప్రాంతంలో కడుతూ ఉన్న ముప్ఫై అంతస్తుల ప్రభుత్వ భవనం కూలిపోయింది. ఆ శిథిలాల కింద నలిగినవాళ్లలో ఈ కూలీలూ ఉన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, వాళ్ల చెమటకు పుట్టిన చవకను తన గొప్ప కింద రాసుకుని ఊరేగుతున్నాడు రీలు వీరుడు.

ఇంకో రకం రీళ్లున్నాయి. వాటి థంబ్‌నెయిలులో ఆడపిల్ల బొమ్మ, పక్కన కన్నుగీటే ఎమోజీ, ఒక ధర. ఇంతకన్నా రాయను. ఆ పిల్లల్లో చాలామంది ఈశాన్యాన ఉన్న ఈసాన్ పల్లెల నుంచి ఇంటికి డబ్బు పంపడానికి వచ్చినవాళ్లు. అక్కడ బేరం ఎలా ఆడాలో చెప్పే వీడియో కింద మన తెలుగులో "సూపర్ బ్రో" అని వేల కామెంట్లు. ఆ బ్రోలకూ అక్కచెల్లెళ్లుంటారు.

అదే బయోలో అదే లింకు కింద "విదేశీ ఉద్యోగాలు" అని కూడా ఉంటోంది, చూడండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి ఇలాగే బ్యాంకాక్‌లో దిగి, మే సోట్ మీదుగా సరిహద్దు దాటి, మయన్మార్‌లో సైబర్ మోసాల ముఠాల చేతుల్లో చిక్కిన కుర్రాళ్లున్నారు. 2025 మార్చిలో వందల మంది భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తేవాల్సి వచ్చింది. వాళ్లలో మన తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు.

అన్నట్టు, ఈ చవక వ్యాధి మనం కనిపెట్టింది కాదు. ఖావోసాన్ రోడ్డులో వీపు సంచులతో దిగిన తెల్లవాళ్లు ఎప్పుడో మొదలుపెట్టారు. "నా ప్రపంచ యాత్రకు సాయం చేయండి" అని అట్టముక్క పట్టుకుని, తమకన్నా పేదవాళ్ల ముందు చెయ్యి చాచి కూర్చున్న దొరబాబుల ఫొటోలు పేపర్లలో వచ్చాయి. మనం వాళ్ల నుంచి ఇంగ్లిష్ నేర్చుకున్నాం, క్రికెట్ నేర్చుకున్నాం, ఇదీ నేర్చుకున్నాం.

చవగ్గా చూడాలనే ఉంటే ఆ నగరం దానికెప్పుడో దారులు వేసి ఉంచింది. శాన్‌సాబ్ కాలువలో పడవలు తిరుగుతాయి. పాత ఊరి దగ్గర రేవులో ఎక్కితే పడవ ఊరి నడిబొడ్డు మీదుగా దూసుకుపోతుంది. హెల్మెట్ పెట్టుకున్న కండక్టరు పడవ అంచు మీద నడుస్తూ టికెట్లు కొడతాడు. ఎదురు పడవ వస్తే మురికినీళ్లు మీద పడకుండా పక్కనున్నవాళ్లు తాడు లాగి ప్లాస్టిక్ పట్టా పైకెత్తుతారు, మీరూ లాగాలి. ఆఫీసులకు వెళ్లేవాళ్లు, బడిపిల్లలు, కూరల బుట్టలు. టికెట్టు మన సిటీ బస్సు ధరకు కాస్త అటూ ఇటూ. తా తియెన్ రేవు నుంచి నది దాటి వాట్ అరుణ్‌కు వెళ్లాలంటే చిల్లర నాణేలు చాలు. పొగాకు కర్మాగారం ఉన్న స్థలాన్ని అడవిలాంటి పార్కుగా మార్చి 2022లో తెరిచారు, బెంజకిట్టి అంటారు; చెట్ల మీదుగా వంతెన, కింద నీళ్లు, ప్రవేశం ఉచితం. శాకాహారులు కందిపొడి మోసుకెళ్లనక్కర్లేదు. పసుపు జెండా మీద ఎర్రటి గుర్తుంటే అది "జే" భోజనం. మాంసం, చేప, గుడ్డు ఉండవు, వెల్లుల్లి కూడా వేయరు. మా ఇంట్లో కార్తీక మాసం వంటకన్నా నిష్ఠగా ఉంటుంది.

ఇవేవీ రీలులో ఉండవు. కాలువ పడవ ఎక్కినవాడికి కెమెరా పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. పట్టా లాగాలి కదా. అందుకని మనవాడు యాప్‌లో కారు పిలిపించుకుని, ట్రాఫిక్కులో గంటసేపు కూర్చుని, ఆ గంటలో "బ్యాంకాక్ ట్రాఫిక్ వరస్ట్ బ్రో" అని ఇంకో రీలు చేస్తాడు. కారు ఖర్చు? "కంటెంట్" ఖాతాలో.

వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లండి. డబ్బు తక్కువుంటే నాలుగు రోజులకు బదులు మూడు రోజులుండండి, బారు మానేయండి, పడవలెక్కండి. బండి మీద 60 అని రాసుంటే 60 ఇవ్వండి. అరైవల్ కార్డుకు ఎవరికీ పైసా కట్టకండి. గ్రాండ్ ప్యాలెస్ ఉదయం 8:30కు తెరుస్తారు, మధ్యాహ్నం 3:30 దాటితే టికెట్టు ఇవ్వరు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకెళ్లండి. మూసేశారని దారిలో ఎవరు చెప్పినా ఆగకుండా గేటు దాకా నడవండి, 500 కట్టండి, లోపలికెళ్లాక ఎడం చేతి వైపు వసారా పట్టుకోండి.